కొద్దిసేపు నిలుపు సైకిలునకు ఎట్టి బీగము?

గత సంవత్సరము మా పాఠశాలలో పదునొకండవ తరగతి చదువుచుండిన ఒక బాలిక సాయంకాలము ఇంటికి పోవుచు, తల్లి చెప్పిన ఉప్పు, చింతపండు కొనుటకై ఎలవూరు బజారులో ఒక అంగడి ముందు సైకిలు నిలిపినది. బీగము వేయలేదు. చిల్లర పుచ్చుకొని వెనుదిరుగునప్పటికి సైకిలు లేదు. “అయిదు నిమిషములు కూడ కాలేదు సార్” అని మరునాడు ఆమె మాతో చెప్పి కన్నీరు పెట్టుకొన్నది. ఆ పిదప పదునైదు దినములు ఆమె బడికి రాలేదు. నడచుటకు ఆమె వెనుదీసినది కాదు. ఆరు కిలోమీటర్ల దారి చీకటిపడు వేళ ఒంటరిగా నడచి రానిచ్చుటకు తండ్రి ఒప్పుకొనలేదు.

ఆమెకు బీగము లేకపోలేదు. తండ్రి ఎంతో శ్రద్ధతో కొని ఇచ్చినదే కలదు. బలమైన ఇనుప గొలుసు, దానికొక దిండుక్కల్ బీగము. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ దిండుక్కల్ బీగముల గట్టిదనమును మేము శంకింపము. కాని రెండింటిని కలిపి తూచిన రెండు కిలోలకు తక్కువ లేదు. పుస్తకముల సంచి, అన్నపు డబ్బా, నీళ్ళ సీసా మోయు పిల్ల ఆ గొలుసును గూడ ప్రతిదినము మోయునా? అది ఇంటి గోడకు కొట్టిన మేకునకు వ్రేలాడుచుండెను. తండ్రిని మేము తప్పుపట్టలేదు. అడిగియుండినచో మేమును అట్టిదే కొనుమని చెప్పియుందుము.

ఆ దినము మొదలు ఈ విషయమును గూర్చి కొంత ఆలోచించి, కొంత విచారించి, తెలిసినంత మేరకు తల్లిదండ్రులకు తెలుపుచున్నాము. తమిళనాడు ప్రభుత్వము 2001-02లో కొందరు బాలికలతో ఆరంభించిన ఉచిత సైకిళ్ళ పథకము పిమ్మట విస్తరించినందున, మన పల్లెలలో సైకిలు లేని ఇల్లు అరుదు. సైకిలు వచ్చినది గాని బీగమును గూర్చి చెప్పినవారు లేరు.

మొదట దొంగ ఎట్టివాడో తెలిసికొనవలెను. 1948లో ఇటలీ దేశమున విట్టోరియో డి సికా తీసిన ‘సైకిలు దొంగలు’ అను చిత్రమును చూచినవారికి జ్ఞాపకముండును. రోము నగరమున ఒక పేదవాడు నిచ్చెన యెక్కి గోడకు ప్రకటన అంటించుచుండగా, క్రింద నిలిపిన సైకిలును ఒకడు ఎక్కి త్రొక్కుకొని పోవును. వానిచేత రంపము లేదు, కత్తెర లేదు. కొద్దిసేపు నిలిపిన సైకిలును అపహరించువాడు అట్టివాడే. ముందుగా యోచించి రాడు; వాకిట బీగము లేని సైకిలు కనబడినప్పుడే వానికి ఆ బుద్ధి పుట్టును. వాని విషయమున బీగము ఎంత గట్టిదను ప్రశ్న కంటె, వేసియున్నదా లేదా అను ప్రశ్నయే ముఖ్యము. పనిముట్లు తెచ్చుకొను దొంగ వేరు. వాడు సైకిలు గంటలకొలది నిలుచు చోటికి వచ్చును.

కాబట్టి అయిదు, పది నిమిషములు నిలుపుటకు, ఎల్లప్పుడు సైకిలుతోనే ఉండునట్టిదియు, ఒక్క చేతితో క్షణములో వేయదగినదియు అగు తేలిక బీగము మేలు. అట్టివానిలో మాకు నచ్చినది వెనుక చక్రమునకు బిగించు రింగు బీగము. సీటు క్రింది రెండు కడ్డీలకు దీనిని మరలతో బిగింతురు. మీట నొక్కిన ఇనుప కమ్మి చక్రపు ఆకుల నడుమగా పోయి పట్టుకొనును. సంచిలో మోయనక్కరలేదు, ఇంట మరచిపోవుటకు వీలులేదు. తెరచియున్నంతవరకు బీగపుచెవి దానియందే ఉండును. మూసిన పిమ్మటనే బయటకు వచ్చును. సైకిలు త్రొక్కునప్పుడు చెవి ఎక్కడనో పడిపోవు భయము ఇందువలన తప్పినది. అయితే బీగము వేయక దిగిపోయినచో దొంగకు సైకిలుతో పాటు చెవిని గూడ చేతికిచ్చినట్లగును. ఈ సంగతి పిల్లలకు చెప్పగా, మునుపెరుగనివారివలె నోళ్ళు తెరచి వినిరి.

ఇందు లోపము లేదా? కలదు. చక్రము తిరుగదు గాని సైకిలును ఎత్తి భుజముపై మోసికొనిపోవచ్చును, బండిలో వేసికొనిపోవచ్చును. అయినను జనసంచారము గల బజారులో సైకిలును మోయుచు నడచువానిని ఎవరో ఒకరు అడుగకపోరు. నిర్జన స్థలమున దీనిని నమ్మరాదు. బీగము వేసిన సంగతి మరచి ముందుకు త్రోసినచో ఆకులు వంగును. ఆ ఖర్చును గూడ మేము చూచితిమి.

మరియొక లోపము మాకు వింతగా తెలియవచ్చినది. కార్తికపు వానలలో ఒకనాటి మధ్యాహ్నము ఒక బాలుడు చెవి పోగొట్టుకొని సైకిలు యొద్ద నిలిచియుండెను. ఒక తుంటరి “నాది పెట్టి చూడరా” అని తన చెవి ఇచ్చెను. పట్టలేదు. ఇంకొకరిది పట్టలేదు. మూడవవానిది పెట్టగానే టక్కున తెరచుకొన్నది! పిల్లలందరు నవ్విరి, మాకు మాత్రము నవ్వు రాలేదు. చౌక బీగములలో చెవి కదపవలసిన రేకులు కొద్దిగానే ఉండును. అందుచే చెవి పళ్ళ అమరికలును కొద్దిగానే ఉండి, అదే చెవి మరల మరల వచ్చుచుండును. ప్రభుత్వమిచ్చిన సైకిళ్ళు రంగున, రూపున ఒక్కటే అగుటచే దొంగబుద్ధి లేనివాడు గూడ పొరపాటున పరుల సైకిలు తీసికొనిపోవచ్చును. కావున కొనునప్పుడు అంగడివానిని అదే రకపు బీగము ఇంకొకటి తెమ్మని అడిగి, దాని చెవిని దీనికి పెట్టి చూడుడు. విసుగుకొన్నను వెనుదీయవలదు. చెవిపై సంఖ్య చెక్కియున్నచో చూచుకొనుడు. ఒకే సంఖ్య గల చెవులు సాధారణముగ ఒకే తీరున ఉండును. పళ్ళు రెండు వైపుల గలది, లేక మొగమున గుంటలు గలది కొంత నయము.

గేర్లు గల క్రొత్త సైకిళ్ళకు, లావు టైర్లు గలవానికి ఈ రింగు బీగము తరచుగ పట్టదు. అట్టివారు ప్లాస్టికు తొడుగు గల ఉక్కు తీగ బీగము కొందురు. సీటు క్రింద చుట్టియుంచిన భారముండదు. స్తంభమునకో కిటికీ కమ్మికో కట్టవచ్చును. అయితే తీగను ముందు చక్రమునకు మాత్రము చుట్టరాదు. ముందు చక్రము మీట త్రిప్పినంతనే ఊడివచ్చు సైకిళ్ళు నేడు కలవు. దొంగ చక్రమును మనకు విడిచి తక్కినదంతయు తీసికొనిపోవును. వెనుక చక్రము, దాని చెంతనున్న కడ్డీ, స్తంభము మూడును తీగలోపల ఉండవలెను. సన్నని తీగను మామూలు పటకారు గూడ తెంపగలదు. చిటికెన వ్రేలంత లావున్నది చూడుడు.

తీగ బీగములలో అంకెలు త్రిప్పునవి పిల్లలకు ప్రియము. చెవి పోవుననెడి బాధ లేదు. మూడు చక్రములు గలదానిలో 1,000 సంఖ్యలు సాధ్యము. నిమిషమునకు 60 వంతున త్రిప్పిన 17 నిమిషములలోపుననే ముగియును. నాలుగు గలదానిలో 10,000. అందుకు సుమారు 2 గంటల 47 నిమిషములు పట్టును. లెక్క బాగుగనే ఉన్నది గాని మా తరగతిలో అడిగి చూడగా పలువురు తమ పుట్టిన సంవత్సరమునే పెట్టుకొనిరి! ఒక తరగతి పిల్లలు పుట్టిన సంవత్సరములు రెండో మూడో; ఇక దొంగకు లెక్కతో పనియేమి?

గుర్రపు లాడము వంటి ఉక్కు బీగములు విదేశములలో ప్రసిద్ధము. ధరకును బరువునకును మన పిల్లలకు అవి తగవు. గట్టివన్నియు నమ్మదగినవే అనుకొనుటయు పొరపాటు. 2004లో అమెరికా దేశమున పేరుపొందిన అట్టి బీగములు కొన్ని సాధారణ బాల్‌పాయింటు కలపు గొట్టముతో తెరచుకొన్నట్లు బయటపడి పెద్ద గగ్గోలు పుట్టినది.

ఇక రైలుకు పోవువారి సంగతి. ఎలవూరులోనో గుమ్మిడిపూండిలోనో సైకిలు విడిచి చెన్నపట్టణము పోయి రాత్రి తిరిగివచ్చువారికి పైన చెప్పినదేదియు చాలదు. కావలి గల స్టాండులో విడిచి చీటీ పుచ్చుకొనవలెను. గోడకు వ్రేలాడు ఆ గొలుసును దింపవలసినది అప్పుడే.

పులికాటు సరస్సు వైపునుండి వచ్చు ఉప్పుగాలికి బీగములు త్వరగా త్రుప్పుపట్టును. బిగుసుకొన్న బీగమును పిల్లలు వేయుట మానుదురు. ఎక్కువ నూనె పోసిన దుమ్ము చేరి గట్టిపడును. పెన్సిలు ములికిని చెవి పళ్ళపై బాగుగ రుద్ది నాలుగుమారులు త్రిప్పుడు. మా ఇంట ఇదియే వైద్యము.

సైకిలు చట్రముపై, తరచుగ సీటు క్రింది గొట్టము మీదనో పెడళ్ళ ఇరుసు క్రిందనో, ఒక సంఖ్య చెక్కియుండును. పైన చెప్పిన బాలిక తండ్రి పోలీసువారి యొద్దకు పోయినప్పుడు మొదట అడిగినది ఆ సంఖ్యయే. ఆయనకు తెలియదు, మాకును తెలియదు. ఈ సంవత్సరము ప్రతి విద్యార్థి ఆ సంఖ్యను హాజరుపుస్తకము చివర వ్రాయించునట్లు ఏర్పాటు చేసితిమి. బీగముతో వచ్చు రెండవ చెవిని ఇంట భద్రపరచలేనివారు కాగితములో చుట్టి, పేరు, తరగతి వ్రాసి పంపినచో కార్యాలయపు బీరువాలో ఉంచుదుము.