ఇంట కట్టిన నక్షత్రం

డిసెంబరు రాగానే రాబర్ట్‌సన్‌పేట అంగళ్ళలో కాగితపు నక్షత్రాలు వ్రేలాడతాయి. చూడ ముచ్చటే గాని, ధర అడిగి మరలివచ్చే ఇల్లాండ్రెందరో! మేము నక్షత్రం కొని యిరువదేండ్లు దాటింది.

2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతబడ్డాయి. ఆ డిసెంబరులో, "ఈ యేడు నక్షత్రం వద్దులే" అన్నారు నాన్నగారు. అమ్మ బదులు చెప్పలేదు. పెరటిలోని పాత వెదురు తడిక విప్పి పుల్లలు చీల్చసాగింది.

చదువరులూ ప్రయత్నించవచ్చు. సమానమైన పుల్లలు పది కావాలి. అయిదింటితో ఒక నక్షత్రం, తక్కినవాటితో మరొకటి కట్టి, రెండింటి కొనలనూ కలిపి దారంతో బిగించాలి. లోపల పుల్లలు ఒకదానినొకటి దాటే అయిదు చోట్లా బెత్తెడు పుల్లలు అడ్డంగా నిలబెడితే నక్షత్రం ఉబ్బుతుంది. పిమ్మట మైదా జిగురుతో రంగుకాగితం అంటించండి. వెనుక ఒక మూల వదలాలి సుమా, బల్బు దూరేది అందులోనుంచే! చిన్న ఎల్.ఇ.డి. బల్బయితే వేడి తక్కువ. 1902లోనే శివసముద్రం కరెంటు అందుకున్న గనుల ఊరు మనది. దీపం లేని నక్షత్రం మన కంటికి ఆనదు.

చెట్టుకు సరుగుడు కొమ్మ చాలు. దానిమీద దూదితో మంచు చల్లడం మాత్రం మాకు నచ్చదు. కోలారులో మంచెక్కడిది?

ఆనాడు అమ్మ కట్టిన నక్షత్రాన్ని గుమ్మానికి ఎత్తింది నాన్నగారే. మొదటి ముడి వంకరగా ఉందని విప్పి, మళ్ళీ కట్టారు.