పెరటి ట్యాంకు నుంచి వీధి గొట్టానికి

టౌన్‌షిప్ క్వార్టర్లలో నివసించే మన కుటుంబాలకు మురుగునీటిని గురించి ఆలోచించవలసిన అవసరం అరుదుగా కలుగుతుంది. వాడిన నీరు భూగర్భ గొట్టాల ద్వారా శుద్ధి కేంద్రానికి చేరుతుంది. ఎక్కడైనా పూడిపోతే సివిల్ విభాగానికి ఒక ఫిర్యాదు చాలు. అదే కుటుంబం పదవీ విరమణానంతరం స్వగ్రామంలో ఇల్లు కట్టుకొన్నప్పుడు పెరట్లో సెప్టిక్ ట్యాంకు తప్పనిసరి అవుతుంది. అందువల్లనే పట్టణాలకు చేరువలో ఉన్న గ్రామాలలో భూగర్భ డ్రైనేజీ కావాలన్న కోరిక బలంగా వినవస్తున్నది. ఈ కోరిక న్యాయమైనదే. అయితే గొట్టం పరచినంత మాత్రాన మురుగు పారదు. అది పారడానికి నీరు కావాలి, వాలు కావాలి, చివర దానిని స్వీకరించే శుద్ధి కేంద్రం కావాలి.

సెప్టిక్ ట్యాంకు నిజానికి చెడ్డ సాధనం కాదు. ఘనపదార్థం అడుగున పేరుకొని, గాలి అవసరం లేని సూక్ష్మజీవుల చర్యవల్ల కొంత జీర్ణమవుతుంది. పైకి తేరిన నీరు ఇంకుడు గుంతలోకి పోవాలి. మన గ్రామాలలో లోపం సాధారణంగా ఈ రెండవ అంగంలోనే ఉన్నది. ఇంకుడు గుంత త్రవ్వరు; ట్యాంకు నీటిని నేరుగా వీధి కాలువలోకి వదులుతారు. రెండు మూడేళ్లకొకసారి అడుగు బురదను తీయించవలసి ఉండగా, పొంగినప్పుడు తప్ప మూత తెరిచేవారు తక్కువ. చేదబావి దగ్గరగా ఉంటే త్రాగునీటిలో నైట్రేటు చేరే ప్రమాదం కూడా ఉన్నది. లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణం నిర్దేశిస్తున్నది.

ఇక నీటి లెక్క చూద్దాం. 200 గడపలు, 1000 మంది జనాభా గల ఒక గ్రామాన్ని ఊహించుకొందాం. 2019లో ప్రారంభమైన జల జీవన్ మిషన్ గ్రామీణ ప్రాంతాలకు తలకు రోజుకు 55 లీటర్లు ప్రమాణంగా పెట్టుకొన్నది. ఇందులో నూటికి 80 వంతులు మురుగుగా మారుతుందనుకొంటే రోజుకు 44,000 లీటర్లు, అనగా సెకనుకు సగటున అర లీటరు. ఉదయపు రద్దీ వేళ మూడు రెట్లు అనుకొన్నా ఒకటిన్నర లీటరే. ఇది ఊరంతటి మురుగు ఒక్కచోట కలిసిన తరువాతి మాట. వీధి మొదట్లో ఉన్న పది ఇళ్ల గొట్టంలో సన్నని ధార తప్ప మరేమీ ఉండదు. బురద నిలవకుండా సాగాలంటే సెకనుకు 0.6 మీటరు వేగం ఉండాలి. రెండు లీటర్ల ప్రవాహానికే వేయి మీటర్లకు ఆరు మీటర్ల వాలు అవసరమని ప్రజారోగ్య ఇంజనీరింగ్ మాన్యువల్ చెబుతున్నది. అంటే మీటరు లోతున మొదలైన గొట్టం అరకిలోమీటరు పోయేసరికి నాలుగు మీటర్ల లోతుకు దిగుతుంది. గోదావరి, కృష్ణా డెల్టా ప్రాంతాలలో అంత లోతున భూగర్భ జలం సిద్ధంగా ఉంటుంది. త్రవ్వకం, తోడకం ఎంత భారమో నిర్మాణ విభాగంలో పనిచేసినవారికి వేరే చెప్పనక్కరలేదు. భూగర్భ డ్రైనేజీ గల పట్టణాలకు తలకు 135 లీటర్ల నీరుండాలన్న నియమం ఊరికే పెట్టినది కాదు. సొంత బోర్లున్న ఊళ్లలో వాడకం 55 లీటర్లను మించవచ్చు. కనుక కాగితం మీది లెక్కను ఊరిలో కొలిచి సరిచూచుకోవాలి.

మరొక చిక్కు మన ఇళ్ల కట్టుబడిలోనే ఉన్నది. ఆచారం ప్రకారం మరుగుదొడ్డిని పెరటి చివర కట్టుకొన్నాం. ట్యాంకు అక్కడే ఉన్నది. గొట్టం మాత్రం ముందు వీధిలో వస్తుంది. 100 మిల్లీమీటర్ల ఇంటి గొట్టానికి అరవైకి ఒకటి వాలు ఇస్తే 30 మీటర్ల దూరానికి అర మీటరు దిగాలి, అదీ వంటిల్లు, వసారా దాటుకొని. బ్రెజిల్‌లోని నతాల్ నగరంలో 1980 దశకంలో ఇందుకు చక్కని ఉపాయం చేశారు. గొట్టాన్ని ఇళ్ల పెరళ్ల గుండానే, ఇరుగుపొరుగువారు కలిసి పంచుకొనే విధంగా తీసుకుపోయారు. లోతు తగ్గింది, ఖర్చూ తగ్గింది. పెరటి సరిహద్దు గోడ విషయమై దశాబ్దాలుగా మాటలు లేని పొరుగువారు మన ఊళ్లలో దీనికి అంగీకరిస్తారా అన్నది ఇంజనీరు తేల్చగలిగే ప్రశ్న కాదు.

నా అభిప్రాయంలో అనేక గ్రామాలకు మధ్యేమార్గం మేలు. ట్యాంకును ఉంచి, తేరిన నీటిని మాత్రమే సన్నని గొట్టంలోకి పంపడం ఈ పద్ధతి. ఘనపదార్థం ట్యాంకులోనే నిలిచిపోతుంది కనుక వాలు తక్కువైనా పనిచేస్తుంది. దక్షిణ ఆస్ట్రేలియాలోని చిన్న ఊళ్లలో ఇది 1960 దశకం నుంచి అమలులో ఉన్నది. మన పొరుగున కరాచీలోని ఓరంగీ బస్తీలో అఖ్తర్ హమీద్ ఖాన్ 1980లో ఆరంభించిన ప్రయత్నంలో కూడా ఇంటికీ వీధి గొట్టానికీ నడుమ ‘హౌదీ’ అనే చిన్న తొట్టిని అమర్చారు. వీధి గొట్టం ఖర్చును ఆ వీధివారే భరించారు. ఈ పద్ధతిలో బురద తీయించే బాధ్యత తొలగిపోదు. దానిని పంచాయతీ నియమిత కాలంలో చేయించాలి. ఆ బురదను పొలం గట్టున పారబోయక శుద్ధి కేంద్రానికి చేర్చాలి.

టౌన్‌షిప్‌కు ఆనుకొని ఉండి, నీరు పుష్కలంగా గల గ్రామాల సంగతి వేరు. అక్కడ పూర్తి అనుసంధానమే యుక్తం. అప్పుడు పాత ట్యాంకును మూసివేయడంలో జాగ్రత్త అత్యవసరం. కుళ్లిన బురద నుంచి వెలువడే హైడ్రోజన్ సల్ఫైడు కోడిగ్రుడ్డు కుళ్లిన వాసన వేస్తుంది. అయితే మోతాదు పెరిగితే ఘ్రాణశక్తినే హరిస్తుంది. వాసన లేదు కదా అని దిగినవాడు అక్కడే పడిపోతాడు. అతనిని రక్షించబోయి దిగిన రెండవవాడూ అంతే. మీథేను కూడా ఉంటుంది కనుక అగ్గిపుల్ల గీసి చూడడం ప్రాణాంతకం. తగిన రక్షణ సాధనాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపడాన్ని 2013 నాటి చట్టం నేరంగా పరిగణిస్తున్నది. ఇటువంటి మరణాలకు సుప్రీంకోర్టు 2014లో 10 లక్షల రూపాయల పరిహారం విధించి, 2023లో దానిని 30 లక్షలకు పెంచింది.

కనుక ట్యాంకును పీల్చే యంత్రమున్న లారీతోనే ఖాళీ చేయించాలి. తరువాత పైనుంచే అడుగు పగులగొట్టించి, నీరు నిలవకుండా చేసి, ఇసుకతో గాని మొరంతో గాని పొరలు పొరలుగా నింపి తడిపి దిమ్మిస కొట్టించాలి. కేవలం మూత వేసి వదిలిన ట్యాంకు కొన్నేళ్లకు కప్పు కూలి పశువునో పసిబిడ్డనో మింగవచ్చు. డాబా మీది వాననీటిని కొత్త గొట్టంలో కలపరాదు. వర్షాకాలంలో ఆ నీరు వీధి మ్యాన్‌హోళ్ల నుంచి పైకి తన్నుతుంది. వంటింటి నీటికి జిడ్డును ఆపే తొట్టిని విడిగా కట్టించుకొంటే గొట్టం చాలాకాలం శుభ్రంగా ఉంటుంది.