ఇంటర్వ్యూకి తేదీ మీరే ఎంచుకోమంటే...

"అమ్మా, ఎంబీఏ ఇంటర్వ్యూకి పిలిచారు. తేదీ మనల్నే ఎంచుకోమన్నారు!" అంటూ మీ అమ్మాయి పరిగెత్తుకొస్తే ఏం చేస్తారు? నోరు తీపి చేసి, ఆ చేత్తోనే పంచాంగం తీస్తారు కదూ! తీయండి, తప్పులేదు. కానీ దానికంటే ముందు చూడాల్సినవి కొన్నున్నాయి.

ఎంసెట్ రోజుల్లో మనకీ బెడద లేదు. ర్యాంకును బట్టి కౌన్సెలింగు తేదీ వాళ్లే చెప్పేవారు. ఇప్పటి ఐసెట్‌లోనూ సీటు ర్యాంకును బట్టే. పేరున్న మేనేజ్‌మెంటు సంస్థల పద్ధతి వేరు. క్యాట్ పరీక్ష సాధారణంగా నవంబరు చివర్లో ఉంటుంది. దాని మీద పిలిచే ఇంటర్వ్యూలు ఎక్కువగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు జరుగుతాయి. మన చీరాల వైపు సరిగ్గా మిరప కళ్లాల కాలమది. ఇంటాయన గుంటూరు యార్డు చుట్టూ తిరుగుతుంటారు, డిగ్రీ పరీక్షలూ అప్పుడే ముంచుకొస్తాయి.

ముందు ఉత్తరం చదవండి

కొన్ని సంస్థలు తేదీ తామే ఇస్తాయి. కొన్ని నాలుగైదు తేదీలు చూపి ఎంచుకోమంటాయి. ఎంచుకోవడానికి గడువెప్పుడు, తర్వాత మార్చుకోవచ్చా, ఏ ఊళ్లో జరుగుతుంది - ఈ మూడూ ఒక కాగితం మీద రాసి వంటింటి క్యాలెండరు పక్కన అంటించండి. "నాన్నగారొచ్చాక చూద్దాం" అనుకునేలోపు మంచి తేదీలు ఇంకెవరో తీసుకుంటారు. గడువు దాటితే ఒక్కోసారి ఏడాదంతా పోతుంది.

ముందా? వెనకా?

"మొదట వెళితే మంచి మార్కులేస్తారు", "చివర్లో వెళితే గుర్తుంటుంది" అని తలో మాట చెబుతారు. అమెరికాలో పదేళ్లపాటు జరిగిన తొమ్మిదివేలకు పైగా ఎంబీఏ ఇంటర్వ్యూలను పరిశీలించి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ రోజు అప్పటికే చాలామందికి మంచి మార్కులిచ్చేసిన వాళ్లు, తర్వాత వచ్చినవాళ్లకు కాస్త తగ్గించి వేశారని అందులో తేలింది. మరి మన పిల్ల ముందు ఎవరు వెళతారో మనకేం తెలుసు? తెలియని దానికోసం బుర్ర పాడుచేసుకోవద్దు.

ఒక్కటి మాత్రం గమనించండి. అందరి ఇంటర్వ్యూలూ అయ్యాకే జాబితా వేసేచోట ముందు, వెనక అన్న తేడా పెద్దగా ఉండదు. సీట్లు విడతలవారీగా ఇచ్చుకుంటూ పోయేచోట ఆలస్యం చేయడం మంచిది కాదు. హైదరాబాదులో 2001లో మొదలైన ఐఎస్‌బీ దరఖాస్తులను విడతలుగానే తీసుకుంటుంది.

సిద్ధంగా ఉన్న రోజే మంచిరోజు

తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. పరీక్షలకూ ఇంటర్వ్యూకీ మధ్య కనీసం రెండు మూడు రోజులుండాలి. చదివిన సబ్జెక్టు, ఈ చదువు ఎందుకన్న ప్రశ్న, దేశంలో ఏం జరుగుతోందన్న సంగతులు - వీటికి రెండు మూడు వారాలు కావాలి. పత్రికలు తిరగేయడానికి మనకు వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం ఉండనే ఉంది. ఇంట్లో మీరే ఎదురుగా కూర్చుని ప్రశ్నలడగండి. ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, తడబాటు తల్లికి తెలియకపోదు!

పెళ్లిళ్లు, వ్రతాలు ఉన్న వారం వద్దు. నెలసరి రోజులు, బాగా నొప్పితో బాధపడే పిల్లయితే, మొహమాటపడకుండా లెక్కలో వేసుకోండి.

బండి చూసుకుని తేదీ

రైలు టిక్కెట్లు అరవై రోజుల ముందు ఇస్తారు. పిలుపు అంత ముందు రాకపోవచ్చు. తత్కాల్ అయితే బండి బయలుదేరే ముందురోజే. అందుకని ఖాళీ బెర్తులు చూశాకే తేదీ ఖాయం చేయండి. రాత్రి చార్మినార్ ఎక్కి, పొద్దున దిగి, అటునుంచటే ఇంటర్వ్యూకి పరిగెత్తే ఏర్పాటు వద్దు. బండి రెండు గంటలు ఆలస్యమైతే అంతే సంగతులు! ఒకరోజు ముందే చేరితే పిల్ల కంటినిండా నిద్రపోతుంది.

రాహుకాలం పట్టింపా? బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర, శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు. అన్నీ కుదిరిన తేదీని దీనికోసం వదులుకోకండి. ప్రయాణానికి మంచి ఘడియలో ప్రస్థానం పెట్టుకోమని మన పెద్దలే దారి చూపారు. అలా చేస్తే మీ మనసూ కుదుటపడుతుంది, తేదీ కూడా చేజారదు.

ముందురోజు గోంగూర, బజ్జీలు పక్కనపెట్టి పెరుగన్నం కట్టివ్వండి. దారిలోకి గుప్పెడు వేటపాలెం జీడిపప్పు చాలు.

చివరగా ఒక్క మాట. "తోడు వెళ్లేవాళ్లు లేరు" అన్న కారణంతో ఆడపిల్ల ఇంటర్వ్యూ ఆగిపోకూడదు. కళ్లం పనుల్లో ఆయనకు తీరకపోతే, రెండురోజుల వంట అత్తగారికో ఆడపడుచుకో అప్పగించి మీరే బయలుదేరండి. ఏ తేదీ అనేది మాత్రం అమ్మాయినే చెప్పనివ్వండి. లోపల కూర్చుని జవాబు చెప్పాల్సింది తనేగా!