మీకు తెలుసా? బిగ్గీ, బప్పీ, ఒక మంత్రాలయం పాట

శ్రీనగర్ కాలనీలో సాయంత్రం ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఏదో ఒక పంచాయితీ చెవిన పడుతుంది. అసోసియేట్ డైరెక్టర్లు, ట్రాక్ సింగర్లు, ఒక్క పాటైనా ఇంకా తెర మీదకు రాని లిరిక్ రైటర్లు అక్కడే ఉంటారు. ఇళయరాజా ‘గీతాంజలి’ గొప్పదా, ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ గొప్పదా అన్నది పాత తరం పేచీ. ర్యాప్ రాసే కుర్రాళ్ల పేచీ వేరు. హిప్‌హాప్‌లో అన్నిటికన్నా గొప్ప ఆల్బమ్ ఏదని వాళ్లు కొట్టుకుంటారు. ఇది తేలే వ్యవహారం కాదు. వాదనకు పనికొచ్చే ముక్కలు మాత్రం కొన్ని ఉన్నాయి. వాటిలో చాలా వాటికి మన వీధులతో చుట్టరికం ఉంది.

ముందు జడ్జీల సంగతి. 2005లో ఎంటీవీ వేసిన జాబితాలో మొదటి స్థానం 1987లో వచ్చిన ‘పెయిడ్ ఇన్ ఫుల్’ది. ఎరిక్ బీ, రకీమ్ జంట చేసిన ఆల్బమ్ అది. 2022లో రోలింగ్ స్టోన్ పత్రిక 200 హిప్‌హాప్ ఆల్బమ్‌లను వరస పెట్టి, నొటోరియస్ బీఐజీ అలియాస్ బిగ్గీ చేసిన ‘రెడీ టు డై’ని పైన కూర్చోబెట్టింది. 2024లో యాపిల్ మ్యూజిక్ అన్ని రకాల సంగీతాన్నీ కలిపి 100 ఆల్బమ్‌లు ఎంచి, లారిన్ హిల్ 1998లో తెచ్చిన ‘ద మిస్‌ఎడ్యుకేషన్ ఆఫ్ లారిన్ హిల్’కి అగ్రతాంబూలం ఇచ్చింది. ముగ్గురు జడ్జీలు, మూడు తీర్పులు. కాబట్టి జాబితా చూపించి నోరు మూయిద్దామనుకునే వాడితో వాదన పెట్టుకోకండి.

ఎంటీవీ నెత్తిన పెట్టుకున్న రకీమ్ ఎవరో చూద్దాం. అతని ముందు తరం ర్యాపర్లు ఎక్కువగా పాదం చివర ప్రాస కలిపి ఊరుకునేవాళ్లు. రకీమ్ పాదం నడుమ కూడా ప్రాసలు గుప్పించాడు, గొంతు పెంచకుండా తాపీగా చెప్పాడు. ఆ రకీమ్ 2002లో ట్రూత్ హర్ట్స్ అనే గాయని ‘అడిక్టివ్’ పాటలో తన వంతు ర్యాప్ వినిపించాడు. పాట అమెరికా బిల్‌బోర్డ్ టాప్ 10లోకి ఎక్కింది. వెనక వినిపించే ఆడగొంతు లతా మంగేష్కర్‌ది. 1981 నాటి హిందీ సినిమా ‘జ్యోతి’లోని పాట ముక్కను నిర్మాత డీజే క్విక్ బీట్ కింద పరిచాడు. ఆ పాటకు బాణీ కట్టింది బప్పీ లహరి.

ఫిల్మ్‌నగర్‌లో బప్పీని పరిచయం చేయాల్సిన పని లేదు. 1986లో పద్మాలయా వాళ్ల ‘సింహాసనం’, 1991లో ‘గ్యాంగ్ లీడర్’ పాటలు ఆయనవే. ‘అడిక్టివ్’లో మాత్రం ఆయన పేరు వేయలేదు. కేసు నడిచింది. లహరి పేరు వేయకుండా ఆ పాట ఉన్న ఆల్బమ్ అమ్మడానికి వీల్లేదని 2003లో లాస్ ఏంజెలెస్ ఫెడరల్ కోర్టు తేల్చింది. డాక్టర్ డ్రే లాంటి హేమాహేమీ కంపెనీ నుంచి వచ్చిన సరుకు అది! పేరు పడటం కోసం కోర్టు దాకా వెళ్లడం ఏమిటో, ఇక్కడ ఘోస్టులుగా రాస్తున్నవాళ్లకు విడమరిచి చెప్పాలా?

ఇక 1994. హిప్‌హాప్ వాదన ఎక్కడ మొదలైనా ఆ ఏడాదికి చేరాల్సిందే. ఏప్రిల్‌లో ర్యాపర్ నాస్ ‘ఇల్‌మ్యాటిక్’ వచ్చింది. అప్పటికి అతనికి 20 ఏళ్లు. చదువు ఎనిమిదో తరగతితో సరి. ఇంట్రోతో కలిపి పది ట్రాకులు, మొత్తం 40 నిమిషాల లోపే. మన భాషలో చెప్పాలంటే మాటలు దాదాపు సింగిల్ కార్డ్, బీట్లు మాత్రం లార్జ్ ప్రొఫెసర్, డీజే ప్రీమియర్, పీట్ రాక్, క్యూ-టిప్, ఎల్ఈఎస్ పంచుకున్నారు. ఒకే ఆల్బమ్‌కి ఇంతమంది ఉద్దండుల బీట్లు తీసుకోవడం తర్వాత అక్కడ రివాజైపోయింది. ఒక పాట చివర కార్నెట్ వాయించింది నాస్ తండ్రి, జాజ్ కళాకారుడు ఒలూ దారా. వారసత్వం గురించి ఫిల్మ్‌నగర్‌కు కొత్తగా చెప్పేదేముంది కానీ, ఇక్కడ కొడుకు పాటలో తండ్రిది చిన్న బిట్టు. ‘ద సోర్స్’ పత్రిక రేటింగుగా నక్షత్రాలకు బదులు మైకులు వేసేది. ‘ఇల్‌మ్యాటిక్’కి అయిదుకి అయిదూ వేసింది. అయినా వెంటనే కాసులు రాలలేదు. అయిదు లక్షల కాపీల గోల్డ్ గుర్తింపుకు 1996 దాకా ఆగాల్సి వచ్చింది.

అదే 1994 సెప్టెంబరులో బ్రూక్లిన్ నుంచి బిగ్గీ ‘రెడీ టు డై’ వచ్చింది. ఆ నెలలోనే మద్రాసు నుంచి శంకర్ ‘కాదలన్’ విడుదలైంది. అదే మన ‘ప్రేమికుడు’. సురేష్ పీటర్స్ గొంతుతో, రెహమాన్ దరువుతో పేట ర్యాప్ మన చెవిన పడింది అందులోనే. తెలుగు పాటలు రాసింది డబ్బింగ్ పాటల దిట్ట రాజశ్రీ. ఆ పని ఎంత కష్టమో చూడండి. తెర మీద పెదవులు మూతపడ్డ చోట తెలుగులోనూ ప, బ, మల్లో ఏదో ఒకటి పడాలి. నోరు బార్లా తెరిచిన చోట ఆ, ఆయి పడాలి. మెలోడీ అయితే దీర్ఘం తీసి ఎలాగోలా గట్టెక్కొచ్చు. ర్యాప్‌లో ఆ వెసులుబాటు ఉండదు, అక్షరం వెనక అక్షరం తరుముకొస్తూ ఉంటుంది. పైగా ప్రాస కలవాలి, అర్థం ఉండాలి. నాస్‌కి ఈ బాధ లేదు. తన నోరు, తన మాట.

ఆ ‘ప్రేమికుడు’లోని ఊర్వశి పాటే 20 ఏళ్ల తర్వాత విల్.ఐ.యామ్ ‘ఇట్స్ మై బర్త్‌డే’లోకి ఎక్కి, 2014లో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది.

‘రెడీ టు డై’ వీరాభిమానులకో విషయం. 1994లో కొన్నవాళ్లు విన్న ఆల్బమూ, ఇవాళ ఫోన్లో మోగే ఆల్బమూ అచ్చంగా ఒకటి కావు. టైటిల్ పాటలో ఒహాయో ప్లేయర్స్ వాద్యం ముక్కను అనుమతి లేకుండా వాడారని 2006లో నాష్‌విల్ జ్యూరీ తేల్చింది, అమ్మకాలు ఆగాయి. తర్వాతి కాపీల్లో ఆ ముక్క లేదు. పాత సీడీ దాచుకున్నవాడు అదృష్టవంతుడు. అనుమతుల చిక్కుతోనే డి లా సోల్ 1989 ఆల్బమ్ ‘3 ఫీట్ హై అండ్ రైజింగ్’ 2023 మార్చి దాకా స్ట్రీమింగ్‌లోకే రాలేదు. అంతటి క్లాసిక్‌ని ఒక తరం కుర్రాళ్లు వినకుండానే ఓట్లు వేశారన్నమాట. జాబితాలంటే నాకు నమ్మకం తక్కువ కావడానికి ఇదొక కారణం.

లారిన్ హిల్ గురించి ఒక్క మాట. 1999లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ ఆమెకు వచ్చింది. హిప్‌హాప్ ఆల్బమ్‌కి ఆ బహుమతి అదే మొదటిసారి. ఆడవాళ్ల ఊసే ఎత్తకుండా గంటసేపు వాదించే మగరాయుళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది.

ఇప్పటి సంగతి కావాలా? 2024లో బిల్‌బోర్డ్ హాట్ 100లోకి దూసుకెళ్లిన ర్యాపర్ హనుమాన్‌కైండ్ ‘బిగ్ డాగ్స్’కి బీట్ కట్టిన కల్మి హైదరాబాదువాడు.

నా ఓటు అడిగితే ‘ఇల్‌మ్యాటిక్’కే. వాక్‌మన్ రోజుల్లో ఫార్వర్డ్ బటన్ నొక్కాల్సిన అవసరం రాని క్యాసెట్లు వేళ్ల మీద లెక్కపెట్టేవాళ్లం. ఆ లెక్కన దానికి సాటి లేదు. బిగ్గీ కథ చెప్పడంలో మొనగాడే, కాకపోతే అతని ఆల్బమ్‌లో మాటల స్కిట్లు నా ఓపికను పరీక్షిస్తాయి.

ఇందాకటి విల్.ఐ.యామ్ బృందం బ్లాక్ ఐడ్ పీస్ ‘ఎలిఫంక్’ (2003)ని ఈ పోటీలోకి ఎవరూ తీసుకురారు, తేవక్కర్లేదు కూడా. అయితే అందులోంచి పుట్టిన ‘ది ఎలిఫంక్ థీమ్’ ఒకసారి పెట్టుకుని వినండి. దాని కింద పరిచింది 1985 నాటి తమిళ సినిమా ‘శ్రీ రాఘవేంద్రర్’ కోసం ఇళయరాజా కట్టిన పాట. అది రజనీకాంత్ నూరో సినిమా. ఆయన అందులో వేసింది తుంగభద్ర ఒడ్డున మన మంత్రాలయంలో బృందావనస్థులైన రాఘవేంద్రస్వామి వేషం.