అడవి సరిహద్దులో అనుమానాలు: గుత్తికోయల గురించి అపోహలు, వాస్తవాలు

భద్రాచలం దగ్గరి చర్ల, దుమ్ముగూడెం వైపు మిరప కోతలు మొదలయ్యాయంటే ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు పిల్లాజెల్లాతో దిగుతారు. చేను గట్టునే టార్పాలిన్ పట్టా కప్పుకుని ఉంటారు. పొద్దున్నే మంచులో కాయ కోస్తారు, కల్లంలో ఆరబోస్తారు, తాలుకాయలు ఏరుతారు. ఘాటుకు కళ్లు మండుతున్నా చంటిపిల్లను ఒడిలో పెట్టుకుని పని చేసే తల్లులు ప్రతి కల్లంలోనూ కనిపిస్తారు. ఈ మనుషులు లేకపోతే మిర్చి చేలోనే రాలిపోతుందని రైతులే చెబుతారు. అదే మనుషులు అడవి అంచున నాలుగు గుడిసెలు వేసుకుంటే మాత్రం ఊరంతా ఒక్కమాటగా "వెళ్లగొట్టండి" అంటుంది. చేలో కావలసిన మనిషి ఊరి దగ్గర ఎందుకు వద్దయ్యాడన్న ప్రశ్నకు జవాబు వెతికితే కొన్ని నిజాలు, చాలా అపోహలు బయటపడతాయి.

అపోహ: వాళ్లు వేరే జాతి, ఎక్కడి నుంచో వచ్చినవాళ్లు.

ఇలా వచ్చిన, గుత్తికోయలని మనం పిలిచేవాళ్లలో ఎక్కువమంది ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్, దంతెవాడ ప్రాంతాల మురియాలు, దోర్లలు. వాళ్ల మాట మన కోయలు మాట్లాడే కోయభాషకు దగ్గరిది. సోడి, మడకం, మడివి, పొడియం వంటి ఇంటిపేర్లు సరిహద్దుకు రెండు వైపులా ఉన్నాయి. ఇంటిపేరు, గోత్రం లాంటి 'గట్టు' చూసుకుని పిల్లనిచ్చి పుచ్చుకున్న సంబంధాలు పాత తరం నుంచీ ఉన్నాయి.

ఇక సరిహద్దు సంగతి. భద్రాచలం 1874 వరకు సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని ఎగువ గోదావరి జిల్లాలో భాగం. నేటి సుక్మా, బీజాపూర్, దంతెవాడ ఉన్న బస్తర్ సంస్థానం కూడా ఆ ప్రావిన్సెస్ నీడలోనే ఉండేది. తర్వాత భద్రాచలాన్ని మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిపారు. 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మంలోకి మార్చారు. 2014లో పోలవరం కోసం చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం సహా చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. ఇన్నిసార్లు గీత మారినా గీతకు అటూ ఇటూ ఉన్న కోయలు అక్కడే ఉన్నారు. అలాంటి చోట ఒకే మూలానికి చెందినవాళ్లలో ఒకరిని స్థానికుడని, మరొకరిని పరాయివాడని తేల్చేది రక్తం కాదు, ప్రభుత్వ కాగితం.

అపోహ: వాళ్లంతా నక్సలైట్ల మనుషులు.

ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట, ఎందుకంటే దీని వెనకాలే తుపాకి ఉంటుంది. వలస 2005కు ముందు కూడా ఉంది. అది వరదలా మారింది మాత్రం 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లో ప్రభుత్వ మద్దతుతో మావోయిస్టు వ్యతిరేక దళంగా సల్వాజుడుం మొదలయ్యాకే. ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేయించి రోడ్డు పక్క శిబిరాలకు తోలారు. శిబిరానికి వెళితే మావోయిస్టులు ద్రోహి అన్నారు, అడవిలో ఉంటే జుడుం వాళ్లు మావోయిస్టు అన్నారు. ఆ రెండిటి మధ్య బతకలేనివాళ్లు శబరి దాటి, గోదావరి దాటి ఇటు వచ్చారు. ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసులుగా నియమించి మావోయిస్టులపై పోరుకు పంపడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తీర్పు చెప్పింది. ఆ తీర్పు వచ్చేసరికి ఇక్కడ పుట్టిన పిల్లలు బడి వయసుకు వచ్చేశారు.

అపోహ: అడవిని నాశనం చేస్తున్నది గుత్తికోయలే.

ఇందులో సగం నిజం ఉంది, దాన్ని దాచకూడదు. కొత్త పోడు కోసం చెట్లు కొట్టారు, ఇంకా కొడుతున్నచోట్లు ఉన్నాయి. స్థానిక కోయల బాధ కూడా న్యాయమైనదే. తరాలుగా సాగులో ఉన్న తమ పోడుకు పట్టా రాక తిరుగుతుంటే, పక్కన కొత్తగా నరికిన చెలక పేరు చెప్పి అటవీ శాఖ అందరినీ ఒకే గాటన కడుతోందని వాళ్ల కోపం. కానీ ఈ అడవి తరిగిపోవడం గుత్తికోయలతో మొదలు కాలేదు. ఇల్లెందు, కొత్తగూడెం బొగ్గు గనులు, మైదానాల నుంచి వచ్చిన వ్యవసాయం, జామాయిల్ తోటలు వాళ్లకన్నా ముందే వచ్చాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకూడదని 1970లో 1/70 చట్టం తెచ్చిన తర్వాత కూడా బినామీ పేర్ల మీద చేతులు మారిన భూములెన్నో. ఆ లెక్క మాట్లాడకుండా కత్తి పట్టిన చివరి మనిషినే చూపించడం అన్యాయం.

అపోహ: తప్పు చేసింది ఆ గూడెం, శిక్ష కూడా గూడేనికే.

2022 నవంబర్ 22న చండ్రుగొండ మండలం బెండాలపాడు దగ్గరి గుత్తికోయల గూడెం ఎర్రబోడులో ప్లాంటేషన్ గొడవలో అటవీ రేంజ్ అధికారి శ్రీనివాసరావు కత్తివేట్లకు బలయ్యారు. విధి నిర్వహణలో ఉన్న మనిషిని అలా చంపడానికి ఏ పేదరికమూ సాకు కాదు. ఆయన కుటుంబం దుఃఖాన్ని పక్కన పెట్టి సయోధ్య గురించి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. ఘటన తర్వాత గుత్తికోయలను అక్కణ్నుంచి పంపించేయాలని గ్రామ పంచాయతీ తీర్మానం చేసింది. 2023 ఆగస్టులో కొత్తగూడెం కోర్టు ఇద్దరిని దోషులుగా తేల్చి యావజ్జీవ శిక్ష వేసింది. కోర్టు వేలు చూపింది ఇద్దరివైపు. ఊరి వేలు మాత్రం చంటిపిల్లలతో సహా గూడెం మొత్తం వైపు ఉండిపోయింది.

అపోహ: వాళ్లకు కాగితాలిస్తే మన కోయల వాటా పోతుంది.

ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. ఎస్టీ హోదా వలసతో పాటు రాష్ట్రం దాటి రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కాబట్టి రిజర్వేషన్లలో వాటా పోతుందన్న భయానికి ఇప్పటి చట్టంలో ఆధారం లేదు. అంగన్‌వాడీ గుడ్డుకు, టీకాకు, బడికి, బోరింగుకు ఎస్టీ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఎండాకాలం వాగులో ఇసుక తోడి, చెలమలో ఊరిన నీళ్లు చిప్పతో ముంచుకుని బిందె నింపుకునే గూడెంలో బోరు వేస్తే ఏ కోయ పిల్లాడి ఉద్యోగం పోతుంది?

భూమి విషయం నిజంగానే చిక్కు. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్నవారికే పట్టా. 2023లో తెలంగాణ ప్రభుత్వం సుమారు లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాలకు పైగా పట్టాలిచ్చినప్పుడు, ఆ తేదీ తర్వాత వచ్చినవాళ్లు బయటే ఉన్నారు. అదే చట్టంలో 3(1)(ఎం) అనే క్లాజు ఉందని మాత్రం చాలామందికి తెలియదు. ఆ తేదీకి ముందు అక్రమంగా అటవీ భూమి నుంచి వెళ్లగొట్టబడిన ఆదివాసీలకు ప్రత్యామ్నాయ భూమితో పునరావాసం పొందే హక్కును అది ఇస్తుంది. 2005 జూన్‌కు, ఆ తేదీకి మధ్య ఊరు విడిచినవాళ్లు దీని కింద అడగవచ్చు.

అపోహ: కాలమే అన్నీ సరిచేస్తుంది.

ఇలాంటి కథే ఈశాన్యంలోనూ జరిగింది. 1997లో మిజోరం నుంచి పారిపోయిన బ్రూ ఆదివాసీలు త్రిపురలోని కాంచన్‌పూర్ శిబిరాల్లో 20 ఏళ్లకు పైగా ఉన్నారు. కాలం వాళ్లకేమీ చేయలేదు. 2020 జనవరి 16న కేంద్రం, రెండు రాష్ట్రాలు, బ్రూ ప్రతినిధులు కూర్చుని ఒప్పందం చేసుకున్నాక, సుమారు 600 కోట్ల రూపాయల ప్యాకేజీతో త్రిపురలోనే ఇంటి స్థలం, రేషన్, ఓటు దక్కే దారి పడింది. అయితే ఆ ఏడాది నవంబర్‌లోనే ఈ పునరావాసంపై స్థానికుల నిరసన పానిసాగర్‌లో పోలీసు కాల్పుల దాకా వెళ్లింది. వచ్చినవాళ్లతో మాట్లాడినంతగా అక్కడున్నవాళ్లతో మాట్లాడకపోతే జరిగేది అదే.

ఇక్కడ అలాంటి పరిష్కారాన్ని భద్రాచలంలోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) మొదలుపెడితే, కోయల పెండింగ్ పోడు క్లెయిములు, గుత్తికోయల పునరావాసం రెండూ ఒకే గ్రామసభ ముందు, ఒకే రోజున పెట్టాలి. సర్వే గొలుసు పట్టుకునేవాళ్లలో రెండు గూడేల మనుషులూ ఉండాలి. మాటలన్నీ తెలుగులోనే కాకుండా కోయలో కూడా నడవాలి. హద్దురాయి ఎక్కడ పాతాలో ఆ రెండు గూడేలవాళ్లూ కలిసి చూపించాకే అటవీ శాఖ మొక్క నాటాలి.