ఉత్తరం ఉంటే చాలు

గూఢచర్యం పేరిట అమెరికాలో ఒకరి ఫోన్ వినాలంటే 1978 నుంచి ఒక పద్ధతి ఉంది. ఆ ఏడాది వచ్చిన ‘ఫిసా’ చట్టం ప్రకారం ప్రభుత్వం ఒక రహస్య న్యాయస్థానానికి వెళ్లి ఉత్తర్వు తెచ్చుకోవాలి. అడ్డదారులు వెతకకుండా, ఇదే మార్గమని కాంగ్రెస్ చట్టంలోనే రాసిపెట్టింది.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అధ్యక్షుడు జార్జ్ బుష్ ఆ గడప తొక్కలేదు. నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏకు తానే అనుమతి ఇచ్చేశారు. 2005 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ ఈ సంగతి బయటపెట్టింది. అయితే తీగలూ స్విచ్‌లూ టెలికాం కంపెనీలవి. అవి చేయందిస్తేగానీ పని జరగదు. అది ఎలా జరిగిందో ఏటీ అండ్ టీలో పనిచేసి రిటైరైన టెక్నీషియన్ మార్క్ క్లైన్ చెప్పాడు. శాన్‌ఫ్రాన్సిస్కో ఫోల్సమ్ వీధిలోని కంపెనీ భవనంలో 641ఏ అనే గది ఉంది. ఇంటర్నెట్ డేటా మోసే ఫైబర్ కేబుళ్లకు స్ప్లిటర్ తగిలించి, లోపలి కాంతిని రెండు పాయలు చేశారట. ఒక పాయ ఎప్పటిలా తన దారిన పోతుంది. రెండోది, అంటే నకలు, ఆ గదిలోకి చేరుతుంది.

కంపెనీల మీద ఖాతాదారులు కోర్టుకెక్కారు. దేశ రహస్యం కాబట్టి విచారించకూడదన్న ప్రభుత్వ వాదనను 2006లో ఫెడరల్ జడ్జి వాన్ వాకర్ తోసిపుచ్చారు. కేసులు నిలబడేలా కనిపించాయి. కానీ 2008 జులైలో కాంగ్రెస్ చట్టాన్నే మార్చేసింది. సెనేట్‌లో 69 మంది సరేనన్నారు, అప్పటి సెనేటర్ ఒబామాతో సహా. దాని ప్రకారం, నిఘాకు అధ్యక్షుడి అనుమతి ఉంది, ఇది చట్టబద్ధమే అని రాసిన ఉత్తరం కంపెనీకి అందిందని అటార్నీ జనరల్ ధ్రువీకరిస్తే కేసు కొట్టేయాలి. ఉత్తరం ఉందా లేదా అన్నంతవరకే జడ్జి చూస్తారు. అందులోని మాట నిజమా కాదా అన్నది ఆయన పని కాదు.

దేశం ఆపదలో ఉన్నప్పుడు సాయపడిన వాళ్లను శిక్షిస్తే రేపు ఎవరొస్తారు అన్నారు సమర్థకులు. కొట్టిపారేయదగ్గ మాట కాదు. కానీ కోర్టు ఉత్తర్వో, వారెంటు అక్కర్లేదన్న అటార్నీ జనరల్ ధ్రువపత్రమో చూసి సహకరించిన కంపెనీకి పాత చట్టంలోనే రక్షణ ఉంది. సరైన కాగితం చేతిలో ఉంటే కొత్త మాఫీ దేనికి? సెనేట్ ఇంటెలిజెన్స్ కమిటీ 2007 నివేదికలో ఒక చిన్న విషయం ఉంది: కంపెనీలకు వెళ్లిన ఉత్తరాల్లో ఒకదానిలో, ఇది చట్టబద్ధమని తేల్చింది అటార్నీ జనరల్ కాదు, వైట్‌హౌస్ న్యాయ సలహాదారు. అంటే అధ్యక్షుడి సొంత వకీలు!

అసలు ప్రశ్న అధ్యక్షుడి అధికారం గురించే. 1952లో ట్రూమన్ ఉక్కు మిల్లులను స్వాధీనం చేసుకుంటే సుప్రీంకోర్టు అడ్డుకుంది. కాంగ్రెస్ అభీష్టానికి ఎదురెళ్లినప్పుడు అధ్యక్షుడి అధికారం అన్నిటికన్నా బలహీనంగా ఉంటుందని జస్టిస్ జాక్సన్ ఆ కేసులో రాశారు. అదే కొలబద్ద ఫిసాకు పెట్టి చూసే అవకాశం కంపెనీల కేసుల్లో ఉండేది. మాఫీతో అది పోయింది.

పోనీ, ప్రభుత్వం మీదే దావా వేయొచ్చుగా? అల్ హరమైన్ అనే సంస్థ వేసింది. తమపై నిఘా ఉందని దానికి తెలిసిందే ప్రభుత్వం పొరపాటున చేతికిచ్చిన రహస్య పత్రం వల్ల! ప్రభుత్వం ఫిసాను ఉల్లంఘించిందని 2010లో వాకర్ తీర్పిచ్చారు. ఫిసా కింద ప్రభుత్వం నుంచి నష్టపరిహారం రాబట్టే వీల్లేదంటూ 2012 ఆగస్టులో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. కంపెనీల మాఫీపై వచ్చిన అప్పీలును విననని అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది.