ఒళ్ళో కంటే సీటే మేలు, బిగిస్తేనే!

ఆమధ్య సంక్రాంతికి మారతహళ్ళి నుంచి చిత్తూరు బయలుదేరాం. పద్నాలుగు నెలల మనవణ్ణి కొత్త సీటులో కూర్చోబెడుతుంటే మా ఆవిడ, "పసివాణ్ణి అలా కట్టేస్తారా? నా ఒళ్ళో పెట్టండి" అంది. అబ్బాయి వినలేదు. వంతెన దగ్గర ముందున్న ఆటో హఠాత్తుగా ఆగింది, బ్రేకు పడింది. ఆవిడ చేతిలోని నీళ్ళసీసా ముందుకెగిరింది. "సీసానే పట్టుకోలేకపోయాను, వీణ్ణి పట్టుకోగలిగేదాన్నా?" అంది వణుకుతూ.

పిల్లవాడు క్షేమమే. కానీ సీటు ఓ పక్కకు ఒరిగిపోయింది. కొన్నాం గాని, సరిగా బిగించలేదు! కారు పక్కకు ఆపి, సీటుతో వచ్చిన పుస్తకం అప్పుడు చదివాం.

బెల్టు పోయేచోట పట్టుకుని ఊపితే సీటు అంగుళానికి మించి కదలకూడదు. భుజంపట్టీ వేళ్ళకు మడతగా చిక్కకూడదు. లావు స్వెట్టరు విప్పి పట్టీ బిగించి, పైన దుప్పటి కప్పాలి. కనీసం పదిహేను నెలలు నిండేదాకా బిడ్డ ముఖం కారు వెనకవైపుకే ఉండాలి. ఎయిర్‌బ్యాగు పనిచేసే ముందుసీటులో అలా కూర్చోబెట్టనే కూడదు.

2019 సవరణ చట్టం ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లలకు బెల్టు గాని, తగిన సీటు గాని లేకపోతే వెయ్యి రూపాయలు జరిమానా. అది సరే, ఇప్పుడు మా ఇంట్లో జరిమానా కంటే మా ఆవిడకే భయం. తాను సీటు ఊపి చూడందే కారు కదలనివ్వదు!